హైరార్కీ స్కీమాటిక్‌లో ఒక నెట్‌ను స్క్రిప్ట్‌తో చివరి ట్రాన్సిస్టర్ దాకా పట్టుకోవడం ఎలా?

తమ్ముడూ, ముందు నీ ప్రశ్నను మిగతావాళ్లకు కూడా అర్థమయ్యేలా నా మాటల్లో చెప్తాను. తప్పుంటే సరిదిద్దు. ఎంటెక్ ప్రాజెక్టు కోసం ఒక ఎల్‌డీఓ రెగ్యులేటర్ (వోల్టేజీని స్థిరంగా ఉంచే సర్క్యూట్) గీశావు. అన్నిటికంటే పైనున్న టాప్ సెల్‌లో (సెల్ అంటే విడిగా గీసిన ఒక సర్క్యూట్ బ్లాక్, దాని లోపల ఇంకొన్ని సెల్స్ ఉండొచ్చు) ఎన్‌బయాస్ అనే నెట్ (పిన్‌లను కలిపే వైరు) ఉంది. అది నాలుగు లెవల్స్ దిగి ఏయే ట్రాన్సిస్టర్‌కు, ఏ పిన్‌కు తగులుతోందో వర్చువోసో అనే చిప్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో, దాని స్కిల్ భాషలో రాసిన స్క్రిప్ట్‌తో లిస్ట్ తీయాలి. మొదటి లెవల్ వరకు స్క్రిప్ట్ సరిగ్గా చెప్తోంది. కిందికి దిగేసరికి కొన్ని కనెక్షన్లు మాయం. ఒకే ఆంప్లిఫయర్‌ను రెండుచోట్ల పెడితే ఒకదాన్నే చూపిస్తోంది. మధ్యలో ఏదో ఒక సెల్ తెరిచి మొదలుపెడితే లూప్‌లో పడి బయటికి రావడం లేదు. గైడ్‌కు రిపోర్ట్ ఇవ్వాలి, టెన్షన్‌గా ఉందన్నావు.

టెన్షన్ పడకు. మూడు లక్షణాలూ దాదాపు ఒకే జబ్బువి. నీ స్క్రిప్ట్‌కు నెట్ గుర్తుంటోంది గానీ, ఆ నెట్ దగ్గరికి ఏ దారిలో వచ్చిందో గుర్తుండటం లేదు.

మన కర్నూలు వాడివే కాబట్టి కేసీ కెనాల్ తెలుసు కదా. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లు పట్టుకుని, కర్నూలు ఊళ్లోంచి, వినాయక ఘాట్ పక్కనుంచి కడప దాకా పోతుంది. దారిలో ఉన్న ప్రతి ఊళ్లోనూ రైతుకు అది "మా కాలువ". తన చేలోకి నీళ్లు ఏ తూము నుంచి వస్తాయో అతనికి తెలుసు. ఆ తూముకు అవతల ఆ నీళ్లను ఏ పేరుతో పిలుస్తారో అతనికి అక్కర్లేదు. రెండు ఊళ్లలో "పెద్ద తూము" అనే పేరున్నంత మాత్రాన అవి రెండూ ఒకటి కావు. నెట్ కూడా అచ్చం అంతే. ఒక సెల్ లోపలి నెట్‌కు బయటి లోకంతో ఉన్న సంబంధం దాని టెర్మినల్ ఒక్కటే, అదే తూము. పేరు ఆ గట్టు లోపల మాత్రమే చెల్లుతుంది.

ఇది మాటవరసకు చెప్పడం లేదు, ఒకసారి నెత్తిమీదికి వచ్చిన విషయం. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఒక పెద్ద బ్లాకులో ఎనేబుల్ సిగ్నల్ అన్నిచోట్లకూ చేరిందా లేదా చూడమన్నారు. ఈఎన్‌బీ అనే పేరు పెట్టుకుని అన్ని సెల్స్‌లోనూ వెతికే స్క్రిప్ట్ రాశాను. అన్నిచోట్లా దొరికింది, రిపోర్ట్ ఇచ్చేశాను. టీమ్‌లో ఒక సీనియర్ మేడమ్ మాత్రం స్కీమాటిక్‌లు ఏ3 కాగితాల మీద ప్రింట్ తీయించి, ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో ఆ నెట్ మీద గీత గీసుకుంటూ ఒక్కొక్క లెవలే దిగారు. మూడో లెవల్లో ఒక లెవల్ షిఫ్టర్ (సిగ్నల్ వోల్టేజీ స్థాయిని మార్చే సర్క్యూట్) ఉంది. దాని గేటుకు వైరు ఉంది, వైరు మీద ఈఎన్‌బీ అని లేబుల్ ఉంది, పిన్ లేదు. గీసినవాళ్లు పిన్ పెట్టడం మర్చిపోయారు. గాల్లో వేలాడుతున్న గేటు అది. సిగ్నల్ సున్నా అయితేనే ఆన్ అయ్యే రకం. సిమ్యులేటర్ ఆ నోడ్‌కు సున్నాకు దగ్గరి విలువే లెక్కగట్టింది కాబట్టి సిమ్యులేషన్‌లో చక్కగా పనిచేసింది. లేఅవుట్ కూడా అదే స్కీమాటిక్ చూసి గీసినది కాబట్టి ఎల్‌వీఎస్ (లేఅవుట్, స్కీమాటిక్ ఒకటేనా అని చూసే పరీక్ష) కూడా పాసే. హెచ్చరిక ఒకటి వచ్చింది, కానీ వందల హెచ్చరికల మధ్య ఎవరూ చూడలేదు. టేపౌట్‌కు (డిజైన్‌ను చిప్ తయారీకి పంపడానికి) ముందే దొరికింది కాబట్టి సరిపోయింది. ఆ రోజు నుంచి నెట్‌ను పేరుతో వెతికే స్క్రిప్ట్ ఎవరు రాసినా నేను ఒప్పుకోను.

ఇప్పుడు నీ స్క్రిప్ట్‌కు వద్దాం. చిన్న ఉదాహరణ తీసుకుని చేత్తో నడిపిద్దాం. టాప్‌లో ఆంప్ అనే సెల్‌ను రెండుసార్లు పెట్టావు: ఐ1, ఐ2. రెండింటిలోనూ వీబీ అనే పిన్ ఎన్‌బయాస్‌కు కలిసి ఉంది. ఆంప్ లోపల వీబీ నెట్ ఎం3, ఎం4 గేట్లకు పోతుంది, ఐ7 అనే బఫర్‌లోని బీ పిన్‌కు కూడా పోతుంది. బఫర్ లోపల బీ నెట్ ఎం1 గేటుకు తగులుతుంది. ఒక్కో ఆంప్‌లో 3 గేట్లు, మొత్తం 6 రావాలి. నీ స్క్రిప్ట్‌కు 4 వస్తే ఒక కారణం, 3 వస్తే ఇంకో కారణం.

4 వచ్చిందనుకో. రెండు ఆంప్‌లలోకీ దిగింది, ఎం3, ఎం4 దొరికాయి, బఫర్‌లోకి మాత్రం దిగలేదు. చాలామంది చేసే తప్పే ఇది: ఇన్‌స్టెన్స్ (ఒక సెల్‌ను ఒకచోట పెట్టిన ప్రతి) నుంచి మాస్టర్‌ను (ఆ ప్రతికి మూలమైనదాన్ని) తీసుకుని, ఆ మాస్టర్‌లో నెట్స్ వెతుకుతారు. స్కీమాటిక్‌లో పెట్టిన ఇన్‌స్టెన్స్‌కు మాస్టర్ అంటే సింబల్ వ్యూ. సింబల్‌లో టెర్మినల్స్ ఉంటాయి, బొమ్మ ఉంటుంది. లోపల ట్రాన్సిస్టర్లేమీ ఉండవు. అందుకే స్క్రిప్ట్ ఎర్రర్ ఇవ్వదు, "ఇక్కడేమీ లేదు" అనుకుని నిశ్శబ్దంగా వెనక్కి వస్తుంది. మాస్టర్ నుంచి లైబ్రరీ పేరు, సెల్ పేరు మాత్రం తీసుకో. ఆ రెండింటితో స్కీమాటిక్ వ్యూను విడిగా రీడ్ మోడ్‌లో తెరువు. తెరిచాక, అందులో నువ్వు దిగిన పిన్ పేరే ఉన్న టెర్మినల్‌ను పట్టుకుని, దాని నెట్ అడుగు. మామూలుగా పిన్ పేరు, లోపలి నెట్ పేరు ఒకటే ఉంటాయి. అయినా నేరుగా నెట్ పేరుతో వెతకొద్దు, టెర్మినల్ ద్వారానే పో. మొదటి లెవల్‌లో ఆంప్‌ను సరిగ్గా తెరిచి, లోపల రికర్షన్‌లో (ఫంక్షన్ తనను తానే పిలుచుకునే చోట) మాత్రం మాస్టర్‌నే వాడుకున్నావేమో, ఆ లైన్ ఒకసారి చూడు.

3 వచ్చిందనుకో. ఇది అసలైన చిక్కు. లూప్‌లో పడకుండా ఉండటానికి "చూసేసినవి" అని ఒక టేబుల్ పెట్టుకుని ఉంటావు. అందులో నెట్ ఆబ్జెక్ట్‌నే తాళంగా (కీగా, అంటే టేబుల్‌లో వెతికే గుర్తుగా) వేశావు. ఆంప్ స్కీమాటిక్ డిస్క్ మీద ఒక్కటే. ఐ1 ద్వారా దిగినా, ఐ2 ద్వారా దిగినా తెరుచుకునేది అదే డ్రాయింగ్, చేతికొచ్చేది అదే వీబీ ఆబ్జెక్ట్. రెండోసారి దిగేసరికి టేబుల్‌లో అప్పటికే ఉంది కాబట్టి స్క్రిప్ట్ వదిలేసింది. సిలికాన్ మీద మాత్రం రెండు వేర్వేరు ఆంప్లిఫయర్లు కూర్చుంటాయి. కాబట్టి టేబుల్‌లో తాళం నెట్ ఒక్కటే అయితే చాలదు. దారి, నెట్ పేరు రెండూ కలిపి ఒకే తాళం కావాలి: ఐ1/వీబీ ఒకటి, ఐ2/వీబీ ఒకటి, ఐ1/ఐ7/బీ మరొకటి.

స్క్రిప్ట్ గుండెకాయ ఇంతే:

వెతుకు (దారి, సెల్, నెట్):
  నెట్‌కు తగిలిన ప్రతి ఇన్‌స్టెన్స్ పిన్‌కు:
    ఆ ఇన్‌స్టెన్స్ ఆపాల్సిన సెల్ అయితే: దారి, ఇన్‌స్టెన్స్ పేరు, పిన్ పేరు రాసుకో
    కాకపోతే: లోపలి స్కీమాటిక్ తెరువు, అదే పేరున్న టెర్మినల్ పట్టుకో, దాని నెట్ తీసుకో
      వెతుకు (దారి + ఇన్‌స్టెన్స్ పేరు, లోపలి సెల్, లోపలి నెట్)

స్కిల్ లిస్ప్ కుటుంబానికి చెందిన భాష కాబట్టి ఇలాంటి రికర్షన్ దానికి వెన్నతో పెట్టిన విద్య. దారిని ఒక లిస్ట్‌గా కిందికి పంపించు, గ్లోబల్ వేరియబుల్‌గా పెట్టొద్దు. గ్లోబల్‌గా పెడితే వెనక్కి వచ్చేటప్పుడు చివరి పేరు తీసేయడం మర్చిపోతావు, దారులన్నీ ఒకదానిమీద ఒకటి పేరుకుపోతాయి.

టెర్మినల్ దొరకని సందర్భం కూడా వస్తుంది. సింబల్‌లో పిన్ ఉంటుంది, లోపల స్కీమాటిక్‌లో ఆ పిన్ ఉండదు. అప్పుడు గమ్మున దాటిపోవద్దు. దారితో సహా పెద్ద అక్షరాలతో ప్రింట్ చేయించు. పైన చెప్పిన లెవల్ షిఫ్టర్ లాంటివి దొరికేది అక్కడే.

ఇక మధ్యలో మొదలుపెడితే లూప్‌లో పడటం. నెట్‌కు టెర్మినల్ ఉంటే పైకి, ఇన్‌స్టెన్స్ పిన్‌లు ఉంటే కిందికి, రెండు దిక్కులా ఒకే ఫంక్షన్‌తో పోవాలని చూసి ఉంటావు. పైకి ఎక్కిన వెంటనే అది వచ్చిన దారినే కిందికి దిగుతుంది, మళ్లీ ఎక్కుతుంది. దీనికి నేను పాటించే పద్ధతి: ముందు ఎక్కడమంతా పూర్తిచెయ్యి, తర్వాత దిగు. బఫర్‌లో బీ మీద క్లిక్ చేశావనుకుందాం, దారి ఐ1/ఐ7. బీకి టెర్మినల్ ఉంది, కాబట్టి దారిలోంచి ఐ7 తీసేసి, ఆంప్‌లో ఐ7 బీ పిన్‌కు ఏ నెట్ తగిలిందో చూడు: వీబీ. దానికీ టెర్మినల్ ఉంది, ఐ1 తీసేయ్, టాప్‌లో ఎన్‌బయాస్ దొరుకుతుంది. దానికి టెర్మినల్ లేదు, లేదా ఇదే టాప్. ఇక్కడ ఆగు. ఇప్పుడు కిందికి మాత్రమే దిగే ఆ చిన్న ఫంక్షన్‌ను పిలువు. లూప్ పడే అవకాశమే ఉండదు, టేబుల్ కూడా దాదాపు అవసరం ఉండదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. బఫర్ సెల్‌ను లైబ్రరీ మేనేజర్ నుంచి నేరుగా తెరిచి "ఇది పైన ఎక్కడికి పోతోంది" అని అడిగితే దానికి జవాబు లేదు. ఆ బఫర్ పదిచోట్ల వాడి ఉండొచ్చు, పది జవాబులు ఉంటాయి. టాప్ నుంచి దిగుతూ వచ్చినప్పుడే పైకి దారి తెలుస్తుంది. నీ స్క్రిప్ట్ ఎప్పుడూ టాప్ సెల్ పేరు, దారి, నెట్ పేరు మూడూ అడిగి తీసుకోవాలి.

పైకెక్కి కిందికి దిగడం సరిపోని చోటు ఒకటుంది. సెల్ లోపల రెండు పిన్‌లను కావాలనే కలిపేస్తారు. వర్చువోసోలో సీడీఎస్ త్రూ అనే షార్ట్ డివైస్‌తో, కొందరు సున్నా ఓమ్ రెసిస్టర్‌తో చేస్తారు. అప్పుడు కిందికి దిగిన నెట్ ఇంకో పిన్ నుంచి మళ్లీ పైకి వస్తుంది. అలాంటివి ఉంటే దిగేటప్పుడు కనిపించిన ప్రతి షార్ట్‌ను ఒక జాబితాలో వేసుకుని, దాని అవతలి వైపు నెట్‌ను కొత్త మొదలుగా పెట్టుకుని మళ్లీ ఎక్కించు. దీనికి మాత్రం ఆ "చూసేసినవి" టేబుల్ తప్పనిసరి. నీ ఎల్‌డీఓలో ఇవి ఉండే అవకాశం తక్కువ.

ఆపాల్సిన సెల్స్ జాబితా గురించి. స్కీమాటిక్ వ్యూ లేనిదల్లా చివరిదే అనుకుంటే చాలావరకు సరిపోతుంది గానీ, కొన్ని పీడీకేల్లో (చిప్ ఫ్యాక్టరీ ఇచ్చే డివైస్ లైబ్రరీ కిట్లలో) ట్రాన్సిస్టర్‌కు కూడా లోపల స్కీమాటిక్ ఉంటుంది. పీడీకే లైబ్రరీ పేరు కనిపిస్తే ఆగు అని ముందే చెప్పడం మేలు. కాన్ఫిగ్ వ్యూ వాడుతుంటే, ఏ సెల్‌కు ఏ వ్యూ తీసుకోవాలో అందులో రాసి ఉంటుంది. నీ స్క్రిప్ట్ అన్నిచోట్లా గుడ్డిగా స్కీమాటిక్ తెరిస్తే, సిమ్యులేటర్ చూసిన సర్క్యూట్ ఒకటి, నువ్వు ట్రేస్ చేసింది ఇంకొకటి అవుతుంది. ఇంకొకటి, స్కీమాటిక్ మార్చి చెక్ అండ్ సేవ్ చేయకుండా స్క్రిప్ట్ నడిపితే పాత కనెక్షన్లే వస్తాయి. గంటల తరబడి కోడ్‌లో తప్పు వెతికి, చివరికి చెక్ అండ్ సేవ్ చేయలేదని తెలుసుకున్న జూనియర్లను చాలామందిని చూశాను.

బస్సులు (ఒకే పేరు కింద కట్టగా ఉండే వైర్లు) అసలు తలనొప్పి. ఐ5<3:0> అని నాలుగు ఇన్‌స్టెన్స్‌లను ఒకే బొమ్మగా పెడతావు. దానికి ఒక బిట్ పిన్ ఉందనుకో. ఆ పిన్‌కు డీ<0:3> తగిలిస్తే ఐ5<3>కి డీ<0> పోతుంది, ఐ5<0>కి డీ<3> పోతుంది. ఎడమ నుంచి వరుసగా జత కలుస్తాయి, అంకె చూసి కలవవు. అదే పిన్‌కు ఒకే బిట్ నెట్ తగిలిస్తే నాలుగింటికీ అదే పోతుంది. పిన్ వెడల్పు 2 బిట్లయి, నెట్ 8 బిట్లయితే, మొదటి ఇన్‌స్టెన్స్‌కు ఎడమవైపు మొదటి రెండు బిట్లు, తర్వాతిదానికి తర్వాతి రెండు. కామాలతో కలిపిన పేర్లు కూడా వస్తాయి. ఇవన్నీ ట్రేస్ చేసే ఫంక్షన్‌లోనే చూసుకోవాలనుకుంటే కోడ్ గజిబిజి అయిపోతుంది. ఒక విడి ఫంక్షన్ రాసుకో: ఏ పేరు ఇచ్చినా ఒక్కో బిట్‌గా విడదీసి, వరుస చెడకుండా లిస్ట్ ఇవ్వాలి. ఇన్‌స్టెన్స్ పేరును, పిన్ పేరును, నెట్ పేరును మూడింటినీ దాని గుండానే పంపించు. మిగతా స్క్రిప్ట్‌కు ఒక్క బిట్ నెట్‌లు తప్ప ఇంకేమీ తెలియకూడదు.

పవర్ నెట్‌లను ఈ పద్ధతిలో పట్టుకోవాలని చూడకు. పేరు చివర ఆశ్చర్యార్థకం ఉన్న వీడీడీ! లాంటివి గ్లోబల్. పిన్ లేకుండానే అన్ని లెవల్స్‌లోనూ పేరుతోనే కలిసిపోతాయి. పేరుతో వెతకడం చెల్లేది అక్కడే. దానికి తోడు ఇన్హెరిటెడ్ కనెక్షన్లు ఉంటాయి: లోపలి నెట్‌కు మామూలుగా వీడీడీ! అని ఉన్నా, పైన ఏదో ఇన్‌స్టెన్స్ మీద ఒక ప్రాపర్టీ పెట్టి, ఆ కొమ్మ మొత్తానికీ వేరే సప్లై ఇచ్చేయొచ్చు. వీటికి విడిగా రాయాలి, ఎన్‌బయాస్ పని అయ్యాక చూద్దువుగాని.

ఇంట్లో కూర్చుని లైసెన్స్ లేకుండా ఇదంతా ప్రాక్టీస్ చేయాలంటే, నెట్‌లిస్ట్ (సర్క్యూట్ కనెక్షన్లను రాసి ఉంచిన టెక్స్ట్ ఫైల్) మీద పైథాన్ వాడటమే నా సలహా. నిజం చెప్పాలంటే, ఆఫీసులో కూడా పెద్ద చిప్‌లకు నేను అదే చేస్తాను. 2020లో స్కైవాటర్ 130 నానోమీటర్ పీడీకేను అందరికీ ఉచితంగా తెరిచారు. ఎక్స్‌స్కీమ్ అనే ఉచిత స్కీమాటిక్ టూల్‌లో గీసి, హైరార్కీతోనే స్పైస్ (సర్క్యూట్ సిమ్యులేటర్) నెట్‌లిస్ట్ తీసుకోవచ్చు. ప్రతి సబ్‌సర్క్యూట్‌కూ (నెట్‌లిస్ట్‌లో సెల్‌ను పిలిచే పేరు) ఒక డిక్షనరీ: దాని పోర్టుల వరుస, లోపలి ఇన్‌స్టెన్స్‌లు. ఎక్స్‌తో మొదలయ్యే లైన్‌లో పేరు, తర్వాత నెట్‌లు, చివర సబ్‌సర్క్యూట్ పేరు ఉంటాయి. ఆ తర్వాత సమానం గుర్తుతో వచ్చేవన్నీ పారామీటర్లు, వాటిని ముందే తీసేయ్. ఇక్కడ పిన్ పేర్లు ఉండవు, వరుసే ఆధారం: మూడో నెట్ మూడో పోర్టుకు. నెట్‌ల సంఖ్య, పోర్టుల సంఖ్య కలవకపోతే ప్రోగ్రామ్ అక్కడే ఆగిపోవాలి.

పైథాన్‌తో చేసేవాళ్లు పడే గుంతలు మూడున్నాయి. ప్లస్ గుర్తుతో మొదలయ్యే లైన్ పై లైన్‌కు కొనసాగింపు, ముందు వాటిని అతికించాలి. స్పైస్‌కు పెద్దక్షరం, చిన్నక్షరం తేడా లేదు, స్కీమాటిక్‌లో వేరుగా ఉన్న రెండు పేర్లు ఇక్కడ ఒకటైపోతాయి. అన్నీ చిన్నక్షరాలకు మార్చేముందు అలాంటి జంటలు ఉన్నాయేమో చూసుకో. మూడోది స్కైవాటర్‌కు సంబంధించింది: అందులో ట్రాన్సిస్టర్ కూడా ఎం లైన్‌గా కాకుండా ఎక్స్ లైన్‌గానే వస్తుంది, మోడల్‌ను సబ్‌సర్క్యూట్‌లో చుట్టిపెట్టారు కాబట్టి. పీడీకే పేరుతో మొదలయ్యే సబ్‌సర్క్యూట్‌లను ఆపే జాబితాలో వేయకపోతే, స్క్రిప్ట్ మోడల్ ఫైల్ లోపలికి దిగిపోతుంది.

మెమరీ అరే లాంటివి వస్తే స్పీడ్ సమస్య. 1,024 ఒకేలాంటి సెల్స్‌లోకి 1,024 సార్లు దిగొద్దు. ఒక సెల్, దాని ఒక పిన్: ఈ జంటకు కింద ఏమేం తగులుతాయో ఒక్కసారి లెక్కగట్టి దాచుకో, ఆ సెల్ నుంచి మొదలయ్యే దారులతో. తర్వాత ఎక్కడ కనిపించినా ముందు భాగం అతికిస్తే చాలు. నీకు ఇప్పుడే అక్కర్లేదు.

రిపోర్ట్ ఇచ్చే ముందు స్క్రిప్ట్‌ను నమ్మొచ్చో లేదో తేల్చుకోవాలి. మూడు నెట్‌లను నువ్వే స్కెచ్ పెన్నుతో కాగితం మీద గీసుకుని పోల్చు. ఒకటి చిన్నది, ఒకటి బస్సు, ఒకటి రెండుసార్లు వాడిన సెల్‌లోకి పోయేది. ఆ తర్వాత లెక్క సరిచూడు. ప్రతి ట్రాన్సిస్టర్‌కు 4 పిన్‌లు, ప్రతి పిన్ సరిగ్గా ఒక్క నెట్‌కే చెందుతుంది. టాప్‌లోని నెట్‌లన్నీ, ప్రతి దారిలోనూ టెర్మినల్ లేకుండా లోపలే ఉండిపోయే నెట్‌లన్నీ, గ్లోబల్స్ ఒక్కొక్కసారి, వీటన్నిటినీ ట్రేస్ చేసి దొరికిన పిన్‌లను కూడితే, మొత్తం ట్రాన్సిస్టర్లు ఇంటూ 4 రావాలి. డిజైన్‌లో 310 ట్రాన్సిస్టర్లు ఉంటే 1,240. రెసిస్టర్లు, కెపాసిటర్లు ఉంటే వాటి పిన్‌లు కూడా కలుపుకో.

తక్కువ వస్తే ఆ తేడాను 4తో భాగించి చూడు. శేషం లేకుండా పోతే, ఏదో సెల్ మొత్తంగా తెరుచుకోలేదేమోనని ముందు అనుమానించు, మళ్లీ ఆ సింబల్ మాస్టర్ లైన్ దగ్గరికే పో. శేషం మిగిలితే బస్సు విడదీసే ఫంక్షన్ చూడు. ఎక్కువ వస్తే ఏదో నెట్ రెండుసార్లు లెక్కకొచ్చింది, చాలావరకు గ్లోబలే అయ్యుంటుంది. ఆ మూడు అంకెలు (రావాల్సినవి, వచ్చినవి, తేడా), నీ రికర్షన్ ఫంక్షన్ ఇక్కడ పెట్టు. రాత్రి తొమ్మిది తర్వాత కూర్చుని చూస్తాను.